షాకో తీసి తలపాగా పెట్టడం: మహిద్‌పూర్ యుద్ధానికి మన సిపాయిల్ని తయారు చేసుకునే పద్ధతి

టేబుల్ మీద చిన్న చిన్న సైనికుల బొమ్మలతో పాత యుద్ధాలు ఆడే హాబీ మాది. అందులో నెపోలియన్ కాలపు బ్రిటిష్ సైనికుల బొమ్మలు కావాలంటే ఫోన్‌లో వెతికి ఆర్డర్ పెట్టేయొచ్చు. నెపోలియన్ ఓడిన వాటర్లూ యుద్ధం ఆడేవాళ్లకు దొరకనిదంటూ లేదు, జేబులో డబ్బు తప్ప. అదే 1817 డిసెంబర్ 21న మాళవలో, శిప్రా నది ఒడ్డున మహిద్‌పూర్ దగ్గర ఇందోర్ మరాఠా పాలకుడు హోల్కర్ సైన్యంతో తలపడిన హైదరాబాద్ సిపాయి కావాలనుకోండి, అక్కడ మొదలవుతాయి తిప్పలు. ఆ సిపాయి కోసం నేను మూడేళ్లు వెతికాను. చివరికి మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీదే దొరికాడు, వేరేవాడి టోపీ, అంటే షాకో అనే ఎత్తైన బ్రిటిష్ సైనికుల టోపీ పెట్టుకుని.

ఎవరీ సిపాయి? నిజాం ఖజానా నుంచి జీతం, ఈస్టిండియా కంపెనీ పద్ధతిలో కవాతు, పైన యూరోపియన్ అధికారులు. నిజాం దగ్గర కంపెనీ ప్రతినిధిని రెసిడెంట్ అంటారు. అప్పటి రెసిడెంట్ హెన్రీ రసెల్ పేరుతో ఆ పటాలాన్ని రసెల్ బ్రిగేడ్ అనేవాళ్లు. మహిద్‌పూర్‌లో దాని రెండు బెటాలియన్లూ పోరాడాయి. తర్వాత అవి హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యంలో భాగమయ్యాయి. 1903లో వాటికి 94, 95 రసెల్స్ ఇన్‌ఫంట్రీ అని పేర్లొచ్చాయి. ఆ కాలంలో ఉత్తరాదిలో సిపాయిని 'తిలంగా' అనేవాళ్లు, అంటే మన తెలుగువాడనే. కోఠిలో రెసిడెన్సీ భవనం ముందు నుంచి రోజూ బస్సులో వెళ్తూ కూడా, ముప్ఫై దాటేదాకా నాకీ కథ తెలియదు.

ముందు యుద్ధం, తర్వాతే బొమ్మ

కొత్తగా మొదలుపెట్టేవాళ్లంతా ఒకటే తప్పు చేస్తారు. బొమ్మలు కొనేసి, తర్వాత ఆట ఆలోచిస్తారు. నేనూ అంతే. 'మహిద్‌పూర్ ఒక్కటేంటి, మూడో మరాఠా యుద్ధం మొత్తం ఆడేద్దాం' అని పెట్టెలు తెప్పించాను. పిండారీలు, నాగపూర్ భోంస్లే దగ్గరి అరబ్బులు, పీష్వా సవార్లు, అన్నీ కావాలనిపించింది. అటక మీద ఇప్పటికీ నాలుగు పెట్టెలు సీల్ విప్పకుండా ఉన్నాయి.

మీరు అలా చేయకండి. ఒక్క యుద్ధం పట్టుకోండి, అందులోనూ ఒక్క మూల. మహిద్‌పూర్ అయితే బ్రిటిష్ సేనాని హిస్లప్ సైన్యం ఒకే ఒక్క రేవు దగ్గర నది దాటి, అవతలి గట్టున బారులు తీరిన హోల్కర్ ఫిరంగుల మీదికి నేరుగా వెళ్లింది. ఆ దృశ్యం చాలు. రసెల్ బ్రిగేడ్ బెటాలియన్లు రెండు, ఒక్కోదానికి 24 మంది. అవతల ఒక ఫిరంగి బారు, దాని వెనక హోల్కర్ కాల్బలం 30 మంది. మొత్తం వందలోపే. ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారాలు కూర్చుంటే ఏడాదిలో అయ్యే పని.

ఇంకో లాభం ఉంది. హిస్లప్ దగ్గర మద్రాస్ సిపాయిల బెటాలియన్లు కూడా ఉన్నాయి. ఒకసారి సిపాయిని తయారు చేయడం చేతికొస్తే కాలర్, కఫ్‌ల రంగు మార్చి వాళ్లనూ చేసుకోవచ్చు.

మూడడుగుల దూరం నుంచి చూడండి

టేబుల్ మీద ఉన్న బొమ్మను మనం మూడడుగుల దూరం నుంచి చూస్తాం. అక్కడి నుంచి గుండీలు కనపడవు. కనపడేవి మూడు: తల మీద ఏముంది, కోటు ఎక్కడిదాకా ఉంది, కాళ్లకేముంది. కాబట్టి 'మహిద్‌పూర్ సిపాయి' అని వెతక్కండి. 'పొట్టి ఎర్ర కోటు, ఛాతీ మీద అడ్డంగా రెండు తెల్ల పట్టీలు, చేతిలో మస్కెట్ తుపాకీ' అని వెతకండి. అంటే 1808 నుంచి 1812 మధ్య స్పెయిన్‌లో పోరాడిన బ్రిటిష్ కాల్బలం. పెర్రీ, విక్ట్రిక్స్ కంపెనీలు 28 మి.మీ. ఎత్తు సైజులో గట్టి ప్లాస్టిక్‌తో ఇవి చేస్తాయి. తలలు, చేతులు విడివిడిగా వస్తాయి. మనకు కావాల్సింది అదే.

పెట్టె కొనేటప్పుడు ఒక్క విషయం చూసుకోండి. షాకో టోపీల్లో రెండు రకాలున్నాయి. పొగగొట్టంలా నిట్టనిలువుగా ఉండేది పాతది. ముందువైపు పలకలా పైకి లేచి ఉండేది వాటర్లూ నాటిది. మీకు పొగగొట్టం రకం కావాలి. ఎందుకో కిందికొచ్చాక తెలుస్తుంది.

బడ్జెట్ తక్కువైతే 1:72 సైజు, అంటే అసలు మనిషిలో 72వ వంతు, ఉంది. ఎయిర్‌ఫిక్స్, ఇటాలెరీ, హ్యాట్ పెట్టెలు చవక. కానీ చాలావరకు మెత్తటి ప్లాస్టిక్ కాబట్టి దాని మీద జిగురూ నిలవదు, రంగూ నిలవదు. ముందు సబ్బునీళ్లతో కడిగి, ఆరాక నీళ్లు కలిపిన ఫెవికాల్ ఒక పూత వేస్తే రంగు కాస్త పట్టుకుంటుంది. తల మార్చాలంటే మెడలోంచి పిన్ను దించక తప్పదు. నా సలహా అడిగితే మార్పులు చేసే పనికి గట్టి ప్లాస్టిక్కే మేలు.

బయటి దేశం నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ సంగతి గుర్తుంచుకోండి. మన దగ్గర బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. పైగా 2021 నుంచి పిల్లల బొమ్మలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి. అందుకని పార్శిల్ మీద వివరం సరిగ్గా, ఉన్నదున్నట్టు రాయించండి: రంగు వేయని ప్లాస్టిక్ మోడల్ కిట్, పెద్దల హాబీ కోసం అని. నా మొదటి పార్శిల్ మీద అమ్మినాయన ఉత్తినే 'టాయ్ సోల్జర్స్' అని రాసి పంపాడు. అది ఐదు వారాలు ఎక్కడో కూర్చుంది. కొరియర్ వాళ్లకు ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త గొంతు, పాత జవాబు. చివరికి వచ్చింది గానీ సుంకం కలిపితే బొమ్మల ధరకు దగ్గర దగ్గర ఇంకో పెట్టె ధర అయింది. ఇద్దరు ముగ్గురు మిత్రులు కలిసి ఒకేసారి తెప్పించుకుంటే కనీసం పోస్టేజీ పంచుకోవచ్చు.

సామాను మన బజార్లోనే

దీనికి విదేశీ పనిముట్లు అక్కర్లేదు. కత్తికి కోఠిలో సర్జికల్ షాపులున్నాయి. 3వ నంబరు పిడి, 11వ నంబరు బ్లేడు అడగండి. ఆ బ్లేడు మొన సూదిలా ఉంటుంది, హాబీ కత్తుల కంటే పదును. నేను మొదటిసారి వెళ్లినప్పుడు కౌంటర్ దగ్గరి పెద్దాయన, "ఏ హాస్పిటల్ డాక్టర్ సాబ్?" అన్నారు. "బొమ్మలకండీ" అన్నాను. ఆయన ఒక్క క్షణం నా మొహం చూసి, "అయితే గ్లోవ్స్ కూడా తీసుకోండి" అన్నారు. మంచి మాటే చెప్పారు.

సన్న డ్రిల్ బిట్లకు కోఠిలోనే గుజరాతీ గల్లీ. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో సర్క్యూట్ బోర్డులకు వాడే 0.8 మి.మీ. బిట్ అడగండి. బిట్‌ను పట్టుకుని చేత్తో తిప్పే పిడి, పిన్ వైస్ కూడా అక్కడే దొరకొచ్చు. సన్న ఆకురాళ్లు, పట్టుకారు కావాలంటే సికింద్రాబాద్ పాట్ మార్కెట్ వైపు, కంసాలి పనిముట్లు అమ్మే దగ్గర చూడండి. ఈటెలకు, జెండా కర్రలకు గిటార్ తీగ. చేతికి గుచ్చుకుంటుంది కానీ వంగదు.

ఇక గురువారం పూట జుమేరాత్ బజార్. పాత సామానులో ప్లాస్టిక్ సైనికులు, విరిగిన గుర్రాలు, బొమ్మ ఫిరంగుల చక్రాలు కనపడుతుంటాయి. సైజు కుదరదు, అయినా ఫిరంగి చక్రాల కోసమైనా ఒకసారి తిరగండి. పొద్దున్నే వెళ్లాలి, బేరం ఆడాలి, 'ఏం చేస్తారు వీటితో' అంటే 'పిల్లలకి' అనాలి. నిజం చెబితే ధర పెరుగుతుంది.

పుట్టీకి ఎం-సీల్. ప్లంబర్ వాడే అదే ఎం-సీల్. విదేశాల్లో ఈ పనికి గ్రీన్ స్టఫ్ అని ఒక పచ్చ పుట్టీ వాడతారు. అది సాగుతుంది, ఆరాక కూడా కాస్త వంగుతుంది. ఎం-సీల్ రాయిలా గట్టిపడుతుంది, ఆకురాయితో రుద్దొచ్చు. మడతల గుడ్డకు గ్రీన్ స్టఫ్ బాగుంటుంది, నునుపైన టోపీకి ఎం-సీలే మేలు. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లు తెల్లపొణికి చెక్క ముక్కల్ని చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, అదే మక్కుతో ముక్కూ చెవులూ దిద్దుతారు. మనం చేసేదీ అదే పని, మక్కు మారింది, అంతే.

తల

ఈ మొత్తం వ్యవహారంలో అసలు పని ఇదే. ఇక్కడ తొందరపడొద్దు.

నేను మొదటి 24 మందికీ షాకోలు నుదుటి దాకా కోసేసి, ఎం-సీల్‌ను జంతికల పిండిలా సన్నటి తీగ చేసి, తలచుట్టూ పాగా చుట్టాను. మడతలు, కుచ్చు, అన్నీ పెట్టాను. రెండు ఆదివారాలు పోయాయి. వరుసగా నిలబెట్టి మురిసిపోతుంటే మా అమ్మాయి వచ్చి చూసింది.

"నాన్నా, వీళ్లందరికీ ఒకేసారి పెళ్లా?"

నిజమే. నేను చుట్టింది పెళ్లికొడుకు పాగా. కంపెనీ పద్ధతి సిపాయి తలపాగా అలా వదులుగా ఉండేది కాదు. చట్రం మీద గుడ్డ బిగించి, గట్టిగా, టోపీలా కూర్చునేది. పొగగొట్టం షాకోకు ముందున్న నీడ అంచు తీసేసి, పై భాగం కాస్త వెడల్పు చేస్తే దాదాపు అదే ఆకారం. అంటే నేను కోసి పారేసిన 24 షాకోల్లోనే నాకు కావాల్సిన పాగా ఉంది.

ఆ రెండింటికీ ఉన్న పోలిక చిన్న విషయం కాదు. 1806 జూలై 10న వెల్లూరులో సిపాయిలు తిరగబడటానికి ఒక పెద్ద కారణం కొత్త తలపాగానే. అది తెల్లవాళ్ల టోపీలా ఉందని, తోలు ముక్క పెట్టారని, మతం మారుస్తారని భయపడ్డారు. దాంతోపాటు నుదుటి బొట్టు, గడ్డం మీద కూడా ఆంక్షలు పెట్టారు. హైదరాబాద్‌లో ఉన్న కంపెనీ దళంలో కూడా అలజడి రేగితే ఇక్కడి సేనాని ఆ ఆజ్ఞను వెనక్కి తీసుకున్నాడు. తల మీద ఏముందన్నది ఆ మనుషులకు ప్రాణం మీదికి తెచ్చుకునేంత విషయం. కాబట్టి ఒక అరగంట ఎక్కువ పట్టినా పట్టనివ్వండి.

చేసే పద్ధతి ఇది. తలను అది అచ్చులో అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేమ్ నుంచి అప్పుడే కోయకండి. ఫ్రేమే మీకు పిడి. బ్లేడును నుదుటికి ఆనించి, మీ వైపు కాకుండా అవతలికి, నీడ అంచును ఒక్క కోతలో తీసేయండి. షాకో ముందు పలక, కుచ్చు ఉంటే వాటినీ గీకేయండి. ఆకురాయితో రెండుసార్లు రుద్దితే నున్నటి గొట్టం మిగులుతుంది.

ఇప్పుడు ఎం-సీల్ రెండు ముక్కల్నీ సమానంగా తీసుకుని, రంగు చారలు పోయేదాకా కలపండి. బఠాణీ గింజంత చాలు, ఎనిమిది తలలకు వస్తుంది. పది నిమిషాలు పక్కన పెట్టండి. కలిపిన వెంటనే వాడితే వేలికే అంటుకుంటుంది గానీ బొమ్మకు అంటుకోదు. తర్వాత వేలు తడిచేసుకుని, అర మి.మీ. మందం తీగ చేసి, షాకో అడుగున చెవుల మీదుగా ఒక చుట్టు వేయండి. ఇది కింది పట్టీ. ఇంకో తీగ పై అంచు చుట్టూ పెట్టి, బయటికి కాస్త వాలేలా బ్లేడు వీపుతో కిందికి నునుపు చేయండి. పైన వెడల్పు, కింద ఇరుకు రావాలి. తడి సూదితో పక్కన రెండే రెండు ఏటవాలు గీతలు పెడితే గుడ్డ చుట్టినట్టు అనిపిస్తుంది. మూడో గీత పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి.

మే నెలలో అయితే ఒకేసారి నాలుగు తలలకు మించి కలపకండి. ఫ్యాన్ కింద, ఆ ఎండ వేడికి, ఐదో తలకు వచ్చేసరికి పుట్టీ చేతిలోనే బిగుసుకుంటుంది.

మర్నాటికి గట్టిపడ్డాక తలలు కోసి అతికించండి. ప్లాస్టిక్‌కు ప్లాస్టిక్ సిమెంటే వాడండి. ఫెవిక్విక్ త్వరగా అంటుకుంటుంది, అంత త్వరగానే ఊడుతుంది, అంటే కింద పడ్డప్పుడు. తలలన్నీ ఎదురుగా చూసేలా పెట్టొద్దు. ఒకడు ఎడమకు, ఒకడు పక్కవాడి వైపు, ఒకడు కిందికి చూడాలి. నది దాటి ఫిరంగుల ముందుకు వెళ్తున్న మనుషులు వాళ్లు, స్కూల్ గ్రూప్ ఫొటోలో పిల్లలు కాదు.

పెళ్లికొడుకుల్ని ఏం చేశానంటారా? హోల్కర్ సైన్యంలో చేర్చాను. అక్కడ బాగానే అమరారు.

కాళ్లు, వీపు, అధికారులు

1800 ప్రాంతపు సిపాయి చిత్రాల్లో మోకాలి పైకి ఉండే తెల్ల జాంగియా కనపడుతుంది. తర్వాతి దశాబ్దాల్లో పొడవు పంట్లాము వచ్చింది. 1817 ఆ రెండింటి మధ్యలో పడుతుంది కాబట్టి నేను సులువు దారి పట్టాను, పంట్లాములే ఉంచేశాను. బూట్ల ముందు భాగం కొంచెం గీకి, పాదం రంగు వేసి, సన్న గీతతో చెప్పు పట్టీ పెడితే సరిపోతుంది. జాంగియానే కావాలంటే మోకాలి కింద పంట్లాము మడతల్ని గీకి పిక్కను గుండ్రంగా చేయాలి. ఒక్కో కాలికి పావుగంట. 48 మందికి 96 కాళ్లు. లెక్క మీరే వేసుకోండి.

వీపు సంచులు విడిగా వస్తే అతికించకుండా వదిలేయండి. ఒక్కో బెటాలియన్‌లో తెల్ల అధికారులు కొద్దిమందే. ఇద్దర్ని షాకోతో ఉన్నవాళ్లను ఉన్నట్టే ఉంచండి. సుబేదార్, జమేదార్ మన వాళ్లే. వాళ్లకు మస్కెట్ తీసి కత్తి ఇచ్చి, నడుముకు ఎర్ర పట్కా చుట్టండి.

హోల్కర్ వైపు పని తక్కువ. అతని కాల్బలంలోనూ యూరోపియన్ పద్ధతిలో కవాతు నేర్చిన బెటాలియన్లు ఉండేవి. అందుకే నిలబడి ఫిరంగులు పేల్చగలిగారు, ఓడాక అరవైకి పైగా ఫిరంగులు పోగొట్టుకున్నారు. అదే బ్రిటిష్ పెట్టెలో మిగిలిన ఒళ్లకు పాగా తలలు పెట్టండి. పెర్రీ వాళ్ల సూడాన్ మహ్దీ యుద్ధపు అన్సార్ (మహ్దీ సైనికుల) పెట్టెలో మిగిలిన తలలు పనికొస్తాయి. గుర్రపు రిసాలాకు మధ్యయుగపు అరబ్ సవార్ల పెట్టె ఏదైనా సరే. డాలు, కత్తి, ఈటె ఉంటే చాలు.

3డి ప్రింటర్ ఉన్నవాళ్లు నవ్వుతుంటారు, "తల ఒకటి డిజైన్ చేసి యాభై తీసేయొచ్చుగా" అని. తీసేయొచ్చు. రెజిన్ ప్రింట్లకు గ్లోవ్స్ వేసుకుని, ఆల్కహాల్‌లో బాగా కడిగి, తర్వాతే వాడండి. నేను ఫిరంగులకు ప్రింటే వాడాను. తలలకు మాత్రం చేత్తో చేసినవే నచ్చుతాయి, ఒకదానిలా ఒకటి ఉండదు కాబట్టి.

రంగు, నేల

రంగుకు ముందు కొట్టే ప్రైమర్ స్ప్రే పొద్దున ఏడులోపు, మేడ మీద. మిట్టమధ్యాహ్నం కొడితే బొమ్మ మీద పడేలోపే గాల్లో ఆరిపోయి గరుకు పొడిలా దిగుతుంది. వాన ముసురు రోజున కొడితే తెల్ల బూజు పట్టినట్టవుతుంది. రెండూ నేను చేసి చూశాను.

ఒంటి రంగు గురించి ఒక మాట. విదేశీ గైడ్లలో 'ఇండియన్ స్కిన్' అని ఒక సీసా చెప్పి అందరికీ అదే పూయమంటారు. మన వీధిలో పదిమందిని నిలబెట్టి చూడండి, ఒక్క రంగుందా? క్యామెల్ యాక్రిలిక్‌లో బర్న్‌ట్ సియెన్నా, యెల్లో ఆకర్ తీసుకుని, నలుగురు నలుగురికి పాళ్లు మార్చి కలపండి. బుగ్గలు, ముక్కు మీద కొంచెం ఆకర్ ఎక్కువ. కోటుకు ముందు ముదురు గోధుమ ఎరుపు, ఎత్తుల మీద స్కార్లెట్. తెల్ల పట్టీలకు మొదట లేత బూడిద రంగు వేసి, మధ్యలో సన్నగా తెలుపు. నేరుగా తెలుపు వేస్తే సున్నం కొట్టినట్టుంటుంది. పాగాకు ముదురు నీలం. రెండు బెటాలియన్లకు కాలర్, కఫ్ రంగులు వేరుగా పెట్టండి, ఆటలో వెంటనే తెలుస్తుంది.

బొమ్మలు నిలబడే బేస్‌లకు ట్రోఫీలు, పెళ్లి కార్డులు చేసే లేజర్ కటింగ్ షాపులో 20 మి.మీ. చదరాలు ఎండీఎఫ్ చెక్కలో కోయించుకోండి. ఇక్కడ మన హైదరాబాద్ వాళ్లు ఒక పొరపాటు చేస్తారు, అలవాటుగా ఎర్రమట్టి పూస్తారు. మాళవ నల్లరేగడి నేల. ముదురు గోధుమలో నలుపు కలిపి వేసి, నది గట్టు మీద ఉన్నవాళ్లకు మాత్రం కొంచెం ఇసుక చల్లండి. ఎండు గడ్డికి వాడేసిన టీ పొడి బాగుంటుంది, కానీ రెండు రోజులు ఎండలో పెట్టాకే వాడండి. సగం ఆరినది అతికించి గాజు అల్మరాలో పెట్టాను, వారం తిరిగేసరికి ఒక దళం మొత్తానికి కాళ్ల దగ్గర నిజంగానే బూజు పట్టింది.

సాలార్‌జంగ్ మ్యూజియంకు వెళ్తే బొమ్మల గదిలో బారులు తీరిన చిన్న సైనికుల్ని చూసి రండి. పటాలాన్ని ఎలా పేర్చాలో అక్కడ అర్థమవుతుంది.

ఇక వీటిని మిత్రుడి ఇంటికి తీసుకెళ్లాలి కదా. బేస్ అడుగున సన్న ఇనుప రేకు ముక్క అతికించి, కిలో మిఠాయి డబ్బాలో అడుగున మాగ్నెట్ షీట్ పరవండి. బోర్లించి చూడండి, ఒక్కడు కూడా పడకూడదు. బండి మీద అయితే డబ్బా సీటు కింద పెట్టకండి, ఎండకు ప్లాస్టిక్ మెత్తబడి బయొనెట్లు వంగిపోతాయి. ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చోండి. స్పీడ్ బ్రేకర్ దగ్గర నడిపేవాణ్ని ముందే హెచ్చరించండి.